ఈస్టర్ గుడ్లు తెచ్చేది కుందేలా, బిల్బీయా?

ఈస్టర్ దగ్గరపడితే ఆస్ట్రేలియా చాక్లెట్ దుకాణాల్లో రెండు జంతువులు పోటీపడతాయి. ఒకటి, పండగనాడు పిల్లలకు గుడ్లు తెచ్చి పెడుతుందని చెప్పుకునే, ప్రపంచమంతా ఎరిగిన ఈస్టర్ కుందేలు. రెండోది బిల్బీ, పిల్లను పొట్ట సంచిలో పెంచే ఆస్ట్రేలియా చిన్న జంతువు. దానికి కుందేలు లాంటి నిడుపాటి చెవులు, మొనదేలిన ముక్కు, తెల్లటి కొస ఉన్న నల్లని తోక ఉంటాయి. తెల్లవారేలోగా వచ్చి తోటలో గుడ్లు దాచి వెళ్లేది ఎవరని అడిగితే అక్కడి పసిపిల్లల్లో కొందరు కుందేలంటారు, కొందరు బిల్బీ అంటారు. పెద్దలకు ఇది పిల్లల సరదాగానే కనిపించవచ్చు. నాకు మాత్రం, తమ నేల మీద జరిగిన ఒక పెద్ద తప్పును ఐదేళ్ల పిల్లలకు అర్థమయ్యేలా చెప్పే ప్రయత్నంగా కనిపిస్తుంది.

ఆ తప్పు 1859 నాటిది. విక్టోరియాలోని బార్వన్ పార్క్ ఎస్టేటు యజమాని థామస్ ఆస్టిన్ వేట సరదా కోసం ఇంగ్లండ్ నుంచి కుందేళ్లు తెప్పించాడు. ఆ ఏడాది క్రిస్మస్ రోజున 24 కుందేళ్లు ఓడలో మెల్‌బోర్న్ చేరాయి. అర్ధ శతాబ్దం తిరిగేసరికి వాటి సంతతి ఖండం దక్షిణ భాగాన్ని కమ్మేసింది. 1901లో మొదలుపెట్టి 1907 నాటికి పశ్చిమ ఆస్ట్రేలియాలో 1,800 కిలోమీటర్లకు పైగా కంచె వేశారు. అది పూర్తయ్యేలోపే కుందేళ్లు అటువైపు దాటేశాయి. 1950లో వాటి మీదికి ప్రాణాంతక వైరస్‌ను వదలవలసి వచ్చింది. అవి గడ్డిని, మొలకలను వేళ్లదాకా కొరికేశాయి, బిల్బీల బొరియల్లో చేరాయి. అంతకంటే పెద్ద నష్టం మరొకటి ఉంది. కుందేళ్లు దండిగా దొరకడంతో నక్కలు, అడవిబాట పట్టిన పిల్లులు పెరిగిపోయి, బిల్బీలను కూడా తినడం మొదలుపెట్టాయి. ఆ నక్కలను సైతం వేట కోసమే తెచ్చారు. ఒకప్పుడు ఖండంలో 70 శాతానికి పైగా విస్తరించిన బిల్బీ ఈనాడు ఎడారి ప్రాంతాలకు పరిమితమైంది. దాని చిన్న చెల్లెలి లాంటి మరో జాతి 1950ల తరువాత కనిపించలేదు.

అలాంటి చోట పండగ కానుకలు తెచ్చే ప్రియమైన అతిథిగా కుందేలు ఉండటం ఏమిటన్న ప్రశ్న రానే వచ్చింది. బిల్బీతో ఆ స్థానం భర్తీ చేయాలన్న ఊహ తొలుత ఏ సంస్థకో తట్టలేదు. 1968లో తొమ్మిదేళ్ల బాలిక ఒక బిల్బీని ఈస్టర్ నాయకుడిని చేసి కథ రాసుకుంది. ఆ కథ పుస్తకంగా రావడానికి పదకొండేళ్లు పట్టింది. 1991లో ఏర్పడిన కుందేళ్ల వ్యతిరేక పరిశోధన సంస్థ ఆ తరువాత బిల్బీ ప్రచారాన్ని భుజాన వేసుకుంది. 1993లో అడిలైడ్‌కు చెందిన హేగ్స్ చాక్లెట్ కంపెనీ బిల్బీ బొమ్మల తయారీ మొదలుపెట్టి, కుందేలు బొమ్మలను పూర్తిగా మానేసింది. అమ్మకాల్లో కొంత భాగాన్ని ఆ సంస్థకే ఇస్తూ వచ్చింది. ఈస్టర్ వ్యాపారంలో కుందేలును వదులుకోవడం చిన్న సాహసం కాదు.

కుందేలు లేనిదే ఈస్టర్ లేదని పట్టుబట్టే వారిది తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లన్న వాదన. జర్మన్ ప్రాంతాల్లో గుడ్లు తెచ్చే కుందేలు ప్రస్తావన 1682 నాటి రచనలోనే ఉంది. అక్కడి వలసదారులతో అది అమెరికా చేరింది. ఫ్రాన్స్‌లో మాత్రం గుడ్లు తెచ్చేవి రోమ్ నుంచి ఎగిరివచ్చే చర్చి గంటలు. స్విట్జర్లాండ్‌లో కొన్ని చోట్ల ఆ పని కోకిలది. పైగా ఐరోపాలో ఈస్టర్ వసంతంలో వస్తే ఆస్ట్రేలియాలో ఆకురాలు కాలంలో వస్తుంది. ఊరికో దూత ఉన్నప్పుడు బిల్బీకి చోటివ్వడానికి అభ్యంతరం ఎందుకు?

నా అభ్యంతరం మరో వైపు నుంచి ఉంది. బిల్బీని గెలిపించాలన్న తొందరలో కుందేలును దొంగగా, దుర్మార్గుడిగా చిత్రించే కథలు చెబుతుంటారు. నాలుగేళ్ల పిల్లకు నిరుడు గుడ్లు తెచ్చిన నేస్తం ఈ ఏడు శత్రువు ఎలా అవుతుంది? ఓడ ఎక్కుతానని ఆ కుందేళ్లు అడగలేదు. తెచ్చిన మనిషిని వదిలేసి జంతువును నిందించే కథ పిల్లల మనసుకు అబద్ధం నేర్పుతుంది. ఈ మాట నేను ఇంత గట్టిగా చెప్పడానికి మన కథలు కూడా కారణమే. సింహాన్ని బావిలో దూకించిన కుందేలు మన పిల్లలకు తెలివికి గుర్తు. మన చేలల్లో పరుగెత్తే కుందేలు వేరే జాతి, అది బొరియలు తవ్వదు, తన నేల మీదే తాను బతుకుతోంది. మెల్‌బోర్న్, సిడ్నీల్లోని తెలుగు ఇళ్లలో అమ్మమ్మలు చెప్పే కుందేలు అదే. బడిలో వినే కుందేలు వేరని చెప్పడం కష్టమేమీ కాదు.

అసలు బిల్బీకి ఎవరినీ తిట్టి గెలవవలసిన అవసరం లేదు. రెండు మీటర్ల లోతు వరకు మెలి తిరుగుతూ దిగే బొరియ తవ్వుతుంది. మన్ను పడకుండా దాని సంచి వెనక్కి తెరుచుకుని ఉంటుంది. నీళ్లు తాగకుండానే తిండిలోని తేమతో బతకగలదు. గర్భం రెండు వారాలే, ఆ తరువాత పిల్ల రెండున్నర నెలలు సంచిలో పెరుగుతుంది. అది వదిలిన బొరియల్లో ఎన్నో చిన్న ప్రాణులు ఎండ నుంచి తలదాచుకుంటాయి. ఒక పసివాడు నోరు తెరుచుకుని వినడానికి ఇంతకంటే ఏం కావాలి?

చాక్లెట్ విషయంలో తల్లిదండ్రులు ఒకటి గమనించాలి. బిల్బీ రూపంలో అమ్మే ప్రతి చాక్లెట్ వల్లా బిల్బీకి మేలు జరగదు. సొమ్ములో వాటా ఎవరికి వెళుతుందో చాక్లెట్ చుట్టిన కాగితం మీద చూసి కొనడం మంచిది. ఆ డబ్బు ఎక్కడ అవసరమో చూడాలంటే క్వీన్స్‌లాండ్‌లోని కరావిన్యా జాతీయ ఉద్యానం వైపు వెళ్లాలి. అక్కడ బిల్బీల కోసం విరాళాలతో 25 చదరపు కిలోమీటర్ల చుట్టూ కంచె వేశారు. వరదలకు కంచె దెబ్బతిని, పిల్లులు లోపలికి చొరబడి అక్కడి బిల్బీలను దాదాపు తుడిచిపెట్టాయి. కంచెను బాగుచేసి, పిల్లులను ఏరివేసి, 2019లో మళ్లీ బిల్బీలను వదిలారు. అలాంటి కంచె ఏటా కాపలా కోరుతుంది.

ఈస్టర్ ఆదివారం సాధారణంగా పున్నమి వెళ్లిన వారంలోపు వస్తుంది. ఆ పున్నమి రాత్రి ఆస్ట్రేలియాలోని తెలుగు పిల్లలు పెరట్లోకి వెళ్లి చందమామలో కుందేలును చూడవచ్చు. అక్కడి నుంచి అది మనకు కనిపించే తీరుకు తలకిందులుగా ఉంటుంది. అదే వెన్నెల్లో, ఎక్కడో ఎడారి ఇసుకలో, ఒక బిల్బీ బొరియలోంచి ముక్కు బయటపెట్టి, చెవులు రిక్కించి, తిండి వెతుక్కోవడానికి బయలుదేరుతుంది.