మోడ్ మారినంత మాత్రాన యాంటీవైరస్ నిద్రపోదు

నల్లగొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ వైపు ఫొటో స్టూడియోల వాళ్లు, జిరాక్స్ సెంటర్ల వాళ్లు ఉండే వాట్సాప్ గ్రూపుల్లో ఒక సందేశం విపరీతంగా తిరుగుతోంది. ఫొటోషాపో, గేమో, సినిమానో తెరవగానే యాంటీవైరస్ తనంతట తాను మోడ్ మార్చుకుని నిద్రపోతుందని, వైరస్ ఆ సందులోంచే వస్తుందని, మనం ఏ ప్రోగ్రామ్ నడుపుతున్నామో దానికి తెలిసిందంటే మన ఫైళ్లు కంపెనీకి చేరినట్టేనని, కాబట్టి పని చేసుకునేటప్పుడు యాంటీవైరస్‌ను మనమే పూర్తిగా ఆపేయడం మేలని అందులో ఉంది. నమ్మి ఆచరిస్తే కస్టమర్ల ఫైళ్లకే ఎసరు వస్తుంది కనుక దీనికి జవాబు చెప్పక తప్పదు.

ముందుగా నిద్రపోతుందన్న మాట. ఫైలును తెరిచేటప్పుడు, ప్రోగ్రామ్‌ను నడిపేటప్పుడు అక్కడికక్కడే పరీక్షించేది రియల్‌టైమ్ రక్షణ. డిస్క్ మొత్తాన్ని గాలించే షెడ్యూల్డ్ స్కాన్, తెర మూలన వచ్చే నోటిఫికేషన్లు వేరే పనులు. మోడ్ మారినప్పుడు వాయిదా పడేవి ఈ రెండో రకం పనులు మాత్రమే. ఈసెట్ అనే యాంటీవైరస్‌లోని గేమర్ మోడ్ పాపప్‌లను, షెడ్యూల్ చేసిన పనులను ఆపుతుంది గాని, రక్షణ వెనకాల నడుస్తూనే ఉంటుంది. బిట్‌డిఫెండర్ అనే మరో యాంటీవైరస్‌లో ఈ మోడ్‌లనే ప్రొఫైళ్లు అంటారు; వర్క్, మూవీ, గేమ్, పబ్లిక్ వైఫై, బ్యాటరీ అని ఉంటాయి. వీటిలో పబ్లిక్ వైఫై ప్రొఫైల్ కాపలాను సడలించదు సరికదా, ఇంకా బిగిస్తుంది. అయితే ఒక ఇబ్బంది ఉన్న మాట నిజమే: ఈసెట్ ఫైర్‌వాల్‌ను, అంటే నెట్ రాకపోకలకు కాపలా కాసే భాగాన్ని, ప్రతి కనెక్షన్‌కూ అనుమతి అడిగేలా పెట్టుకున్నవాళ్లకు గేమర్ మోడ్‌లో ఆ ప్రశ్న తెర మీదికి రాక నెట్ అందకపోవచ్చు. అది పనికి అడ్డమే గాని, వైరస్‌కు దారి కాదు.

అనుమానం తీరనివాళ్లు ఐకార్ పరీక్ష ఫైలును వాడి చూడవచ్చు. 68 అక్షరాల ఆ ఫైలు వల్ల ఏ హానీ లేదు, యాంటీవైరస్‌లను పరీక్షించడం కోసమే దాన్ని తయారు చేశారు. బిట్‌డిఫెండర్ వర్క్ ప్రొఫైల్ జాబితాలో ఉన్న ప్రోగ్రామ్‌ను తెరిచి ఉంచి, ఆ ఫైలును డెస్క్‌టాప్ మీదికి కాపీ చేసి, యాంటీవైరస్ పట్టుకుని విడిగా బంధించిన ఫైళ్లుండే క్వారంటైన్ జాబితాలో ఏముందో చూడండి.

ఇక నిఘా ఆరోపణ. ఫుల్‌స్క్రీన్‌లో ఏదైనా నడుస్తోందా, ప్రజెంటేషన్ జరుగుతోందా అని ఏ ప్రోగ్రామైనా విండోస్‌ను అడిగి తెలుసుకునే ఏర్పాటు విస్టా కాలం నుంచే ఉంది. వచ్చే జవాబులో మీ ఫైలు పేరు కూడా ఉండదు. నడుస్తున్న ప్రోగ్రామ్‌ల పేర్లంటారా, అవి టాస్క్ మేనేజర్‌లో ఎవరికైనా కనిపించేవే. అనుమానాస్పద ఫైళ్లను కంపెనీకి పంపే సెట్టింగ్ వేరే ఉంది; విండోస్‌తో పాటే వచ్చే యాంటీవైరస్ డిఫెండర్‌లో దాని పేరు ఆటోమేటిక్ శాంపిల్ సబ్మిషన్, ఇష్టం లేకపోతే ఆపుకోవచ్చు.

అన్నిటికంటే నష్టం చేసేది ఆ చివరి సలహా. పెళ్లిళ్ల సీజన్‌లో వీడియోలు ఎడిట్ చేసే మిక్సింగ్ యూనిట్‌లో రెండర్ (ఎడిట్ చేసినదాన్ని తుది వీడియోగా తయారు చేయడం) నెమ్మదించిందంటే మొదట వేటు పడేది యాంటీవైరస్ మీదే. డిఫెండర్‌లో రియల్‌టైమ్ రక్షణను ఆపితే కొంతసేపటికి అదే తిరిగి ఆన్ అవుతుంది కాబట్టి, ఆ బాధ లేకుండా కొందరు డీ డ్రైవ్ మొత్తాన్ని ఎక్స్‌క్లూజన్స్‌లో చేర్చేస్తారు. యాంటీవైరస్ చూడకుండా వదిలేసే చోట్ల జాబితా అది. మోడ్ అయితే పని ముగియగానే తిరిగి మామూలవుతుంది, ఈ మినహాయింపు మనం తీసేసేదాకా అలాగే ఉంటుంది.

ఆ తర్వాత ఏం జరుగుతుందో చూడండి. కస్టమర్ తెచ్చిన పెన్ డ్రైవ్‌లో ఆల్బమ్ ఫోల్డర్ గుర్తు మీద చిన్న వంపు బాణం ఉంటుంది. అసలు ఫోల్డర్ దాచి ఉంటుంది, కనిపించేది షార్ట్‌కట్. దాన్ని నొక్కితే ఫొటోలూ తెరుచుకుంటాయి, వెనకాల వైరస్ కూడా నడుస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు. వచ్చినదంతా మినహాయించిన డీ డ్రైవ్‌లోకి కాపీ చేసి అక్కడ నొక్కితే, ఆ డ్రైవ్‌లోని ఫైళ్లను యాంటీవైరస్ పరీక్షించనే పరీక్షించదు. తర్వాత వచ్చే కస్టమర్ పెన్ డ్రైవ్‌కూ అదే అంటుకుంటుంది.

వేగమే సమస్య అయితే దానికి వేరే దారులున్నాయి. డిఫెండర్ షెడ్యూల్డ్ స్కాన్ ప్రాసెసర్‌ను సగటున ఎంతవరకు వాడుకోవచ్చన్న పరిమితి మొదట్లో 50 శాతంగా ఉంటుంది, దాన్ని తగ్గించుకోవచ్చు. కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడే స్కాన్ జరిగేలా పెట్టుకోవచ్చు. విండోస్ సెక్యూరిటీలో వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్ తెరిచి, అడుగున ఉన్న ఎక్స్‌క్లూజన్స్ ఈరోజే చూడండి. అందులో డ్రైవ్ పేరు కనిపిస్తే తొలగించండి. మినహాయింపు తప్పనిసరి అనుకుంటే, కస్టమర్ ఫైళ్లు ఎన్నడూ చేరని ఎడిటింగ్ క్యాష్ ఫోల్డర్‌కు, అంటే ఎడిటింగ్ ప్రోగ్రామ్ తాత్కాలిక ఫైళ్లు దాచుకునే చోటుకు మాత్రమే ఇవ్వండి.