ఒక్క తేదీ చదవడానికి ఇన్ని తిప్పలా?

రాయగడలోని మా ఆఫీసు లెక్కలు ఇప్పటికీ ఏఎస్/400 వంశపు మిడ్‌రేంజ్ యంత్రం (ఐబీఎం వారి మధ్యస్థాయి వ్యాపార కంప్యూటర్) మీదే నడుస్తున్నాయి. అది మొరాయించడం అరుదే గనుక దాని మీద నాకు కోపం లేదు; కోపమంతా అది తేదీని దాచుకునే తీరు మీదే. 2024 మార్చి 15ను అది 1240315 అని రాసుకుంటుంది. మొదటి అంకె శతాబ్దమట: 1900ల తేదీలకు సున్నా, 2000ల తేదీలకు ఒకటి. ఒక ఫైలు ఎప్పుడు తయారైందని సీఎల్ (ఆ యంత్రపు సొంత ఆదేశాల భాష) ప్రోగ్రాములో అడిగితే, తేదీనీ సమయాన్నీ కలిపి అతికించిన 13 అక్షరాలు చేతిలో పెడుతుంది; వాటిలో మొదటి ఏడింటిని కత్తిరించి తేదీ రూపం మార్చే సీవీటీడాట్ కమాండుకు అప్పగిస్తే గాని రోజు, నెల, సంవత్సరం మనుషులు చదివే వరుసలోకి రావు. కొన్ని ఏపీఐలు (ప్రోగ్రాములు పిలిచి వాడుకునే సిస్టం సేవలు) ఆ మాత్రం దయ కూడా చూపకుండా మనిషి చదవలేని 8 బైట్ల టైమ్ స్టాంపును మొహాన కొడతాయి, దాన్ని విప్పడానికి క్యూడబ్ల్యూసీసీవీటీడీటీ అనే నోరు తిరగని మరో ఏపీఐని పిలవాలి.

ఇంతకన్నా ఘోరం, బయటి సర్వర్ల నుంచి యూటీసీలో, అంటే మన గడియారం కన్నా అయిదున్నర గంటలు వెనకుండే ప్రపంచ ప్రామాణిక సమయంలో వచ్చిపడే సమయాలు. ఏప్రిల్ 1 తెల్లవారుజామున నాలుగింటికి గుణుపురంలో దిగిన సరుకు, ఎవరో ఆ అయిదున్నర గంటలు కలపకుండా రాసి వెళ్లిపోయిన ప్రోగ్రాము పుణ్యమా అని మార్చి 31 రాత్రి పదిన్నరకే దిగినట్టు నమోదై, ఏకంగా పాత ఆర్థిక సంవత్సరపు ఖాతాలో చేరిపోతుంది. "సరుకు రాకముందే స్టాకు ఎలా పెరిగింది బాబూ?" అని గుమస్తాగారు నిలదీస్తే నేనేం చెప్పాలి?