మారథాన్‌కి కావాల్సిన గంటలు ఎవరివి?

నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు ఒక గంట వెనక్కి జరుగుతాయి. హైదరాబాద్‌లో ఆ సంగతి ఎవరికీ పట్టదు, రాత్రిపూట క్లయింట్ కాల్స్ ఉన్నవాళ్లకు తప్ప. డల్లాస్‌లో ఉదయం 11 గంటలకు మొదలయ్యే మీటింగ్ అక్టోబర్ దాకా మనకు రాత్రి తొమ్మిదిన్నరకు ఉంటుంది. నవంబర్ నుంచి పదిన్నరకు. అది అయ్యేసరికి పదకొండుంబావు, నిద్ర పట్టేసరికి పన్నెండు. జనవరి మూడో ఆదివారం జరిగే ముంబై మారథాన్‌కి పేరు నమోదు చేసుకున్నవాడు పొద్దున నాలుగుంబావుకి అలారం పెట్టుకుంటాడు. మధ్యలో నిద్రకు మిగిలేది నాలుగు గంటలు.

చలికాలంలో శిక్షణ అనగానే అందరూ చలి గురించే మాట్లాడతారు. దుప్పటి వదలడం, బద్ధకాన్ని జయించడం, పట్టుదల. నిజానికి హైదరాబాద్ చలి పరుగుకి శత్రువు కాదు. డిసెంబర్ తెల్లవారుజామున 13, 14 డిగ్రీలు ఉంటుంది. చలిగాలులు వీచిన రోజుల్లో శేరిలింగంపల్లి, పటాన్‌చెరు వైపు 10 లోపుకి పడిపోతుంది. దూరం పరిగెత్తే ఒంటికి ఇంతకంటే అనుకూలమైన వాతావరణం ఈ ఊళ్లో దొరకదు. ఏప్రిల్‌లో 10 కిలోమీటర్లకే తడిసి ముద్దయ్యే మనిషి డిసెంబర్‌లో 20 సునాయాసంగా లాగించేస్తాడు. మొదటి రెండు కిలోమీటర్లు వేళ్లు కొంకర్లు పోతాయి, చెవులు నొప్పెడతాయి, అంతే. నేను చూసినంతలో చలికాలం మనల్ని దెబ్బతీసేది రెండు చోట్ల. ఒకటి నిద్ర, రెండోది ఇల్లు.

లెక్క వేసి చూద్దాం. నాలాంటి మామూలు రన్నర్ సీజన్ మధ్యలో వారానికి 50 కిలోమీటర్లు పరిగెత్తుతాడు. మంగళవారం 8, గురువారం 10, శనివారం 6, ఆదివారం 26. కిలోమీటర్‌కి ఏడు నిమిషాల చొప్పున 350 నిమిషాలు, అంటే ఆరు గంటలకు పది నిమిషాలు తక్కువ. వారంలో 168 గంటలున్నాయి, ఆరు గంటలు ఎక్కడో ఒకచోట దొరకవా అనిపిస్తుంది. చిక్కల్లా ఆ ఆరు గంటలు ఎక్కడ పడతాయన్నదే. ఆదివారం 26 కిలోమీటర్లకు పట్టేది మూడు గంటలే కావచ్చు. నెక్లెస్ రోడ్డుకో గచ్చిబౌలి స్టేడియానికో వెళ్లి రావడం, స్ట్రెచింగ్, గ్రూపుతో ఇడ్లీ, కాఫీ కూడా కలిపితే నాలుగున్నరకు గడప దాటినవాడు మళ్లీ గడప తొక్కేది పదింటికి. ఆ తర్వాత కూడా మనిషి ఇంట్లో ఉంటాడు గానీ ఇంటికి పనికిరాడు.

రెండేళ్ల కిందట డిసెంబర్ చివరి ఆదివారం 30 కిలోమీటర్లు పరిగెత్తి వచ్చాను. ఆ రోజు సైకిల్‌కి పక్క చక్రాలు తీసేసి తొక్కడం నేర్పిస్తానని మా చిన్నమ్మాయికి మాటిచ్చి ఉన్నాను. భోంచేసి ఒక్క అరగంట నడుం వాల్చుదామని పడుకున్నాను. లేచేసరికి సాయంత్రం నాలుగున్నర. అప్పటికే తను సెల్లార్‌లో వాచ్‌మన్ కొడుకు సాయంతో సైకిల్ నేర్చేసుకుంది. మోకాలి మీద చిన్న దెబ్బ, దాని మీద పసుపు. "నాన్నా, నువ్వు అలసిపోయావు, లేపొద్దని అమ్మ చెప్పింది" అంది. ఆ మాటలో ఫిర్యాదు లేదు. ఆ 30 కిలోమీటర్లను నా ఖాతాలో రాసుకున్నాను గానీ, ఖర్చు మొత్తం నాది కాదని ఆ సాయంత్రమే తెలిసింది.

ముంబై ఫుల్ మారథాన్‌కి, అంటే 42 కిలోమీటర్ల పైచిలుకు పరుగుకి, పదహారు వారాల ప్లాన్ వేసుకుంటే సెప్టెంబర్ చివరి వారంలో మొదలుపెట్టాలి. మన క్యాలెండర్‌లో ఆ పదహారు వారాలు ఎలాంటివో చూడండి. దసరా, దీపావళి. కార్తీక మాసంలో ప్రతి ఆదివారం ఎవరో ఒకరి వనభోజనాలు. ఆ వెంటనే పెళ్లిళ్లు. డిసెంబర్‌లో ఆఫీసులో ఇయర్ ఎండ్ రిలీజులు, పిల్లల పరీక్షలు. అన్నిటికంటే పొడవైన పరుగు, 30 లేదా 32 కిలోమీటర్లు, సరిగ్గా క్రిస్మస్ సెలవుల్లో పడుతుంది. చివరికి సంక్రాంతి. పండక్కీ పోటీకీ మధ్య ఉండేది కొద్ది రోజులే. హైదరాబాద్ ఊరంతా విజయవాడ హైవే ఎక్కేస్తుంది, పంతంగి టోల్‌గేటు దగ్గర కార్లు బారులు తీరుతాయి. టేపర్‌లో, అంటే పోటీకి ముందు పరుగు తగ్గించి విశ్రాంతి ఇచ్చే రోజుల్లో, ఉన్న కాళ్లు అన్ని గంటలు కార్లో ముడుచుకుని కూర్చోకూడదు. ఊళ్లో అత్తయ్య అరిసెలు పెడితే వద్దనకూడదు. బియ్యప్పిండి, బెల్లం రన్నర్‌కి మంచివే, కానీ పోటీకి మూడు రోజుల ముందు నూనెలో వేగినవి కడుపుకి భారం. పొంగలి, తెల్లన్నం మేలు. ఈ గొడవంతా ఎందుకని పండక్కి ఊరు వెళ్లడమే మానేసినవాళ్లు నాకు తెలుసు. ఒక ఏడాది నేనూ మానేశాను. అమ్మ ఏమీ అనలేదు, ఫోన్‌లో రెండు మాటలు తక్కువ మాట్లాడింది.

ఈ పదహారు వారాల్లో మనం వదిలిపెట్టిన పనులు గాల్లో కలిసిపోవు, ఎవరో ఒకరు చేస్తారు. కేంద్ర గణాంక శాఖ 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనుల్లో పాల్గొనే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు వాటికే ఖర్చుపెడుతున్నారు. అవే పనుల్లో పాల్గొనే మగవాళ్లు ఖర్చుపెట్టేది 88 నిమిషాలు. మగవాడు మారథాన్ మొదలుపెట్టగానే ఆ 88 ఇంకా తగ్గుతుంది. మంగళవారం పొద్దున నేను రోడ్డు మీద ఉన్న ఆ గంటలో మా ఇంట్లో కుక్కర్ మూడు విజిల్స్ వేస్తుంది, రెండు లంచ్ బాక్సులు నిండుతాయి, ఒక పిల్ల లేవనని మారాం చేస్తుంది, స్కూల్ బస్సు 7:20కి వచ్చేస్తుంది. మా ఆవిడ బ్యాంకు ఉద్యోగి. తొమ్మిదిన్నరకు తన కౌంటర్ దగ్గర ఉండాలి. నాకు మెడల్ వచ్చిన ఫొటోకి వందమంది లైకులు కొట్టారు. ఆ లంచ్ బాక్సులకు ఎవరూ కొట్టలేదు.

"మనసుంటే మార్గముంటుంది" అనేవాళ్లు ఉదాహరణగా చెప్పే పేర్లు రెండున్నాయి. 2018 బోస్టన్ మారథాన్ గడ్డకట్టించే వానలో, ఎదురుగాలిలో జరిగింది. మగవాళ్లలో గెలిచిన యుకి కవౌచి జపాన్‌లోని సైతామాలో ప్రభుత్వ ఉద్యోగి, ఒక హైస్కూల్ ఆఫీసులో పనిచేసేవాడు. ఆడవాళ్లలో రెండో స్థానంలో వచ్చిన సారా సెల్లర్స్ ఆరిజోనాలో మత్తు ఇచ్చే నర్సు, ఫుల్‌టైమ్ ఉద్యోగి. డ్యూటీకి ముందు తెల్లవారుజామున నాలుగింటికో, డ్యూటీ దిగాక రాత్రిపూటో పరిగెత్తేది. ఇద్దరూ నాకు చాలా ఇష్టమైన మనుషులు. కానీ వాళ్ల నుంచి మనం నేర్చుకోవాల్సింది నాలుగింటికి లేవడం కాదు. ప్రొఫెషనల్ రన్నర్లు రోజుకు రెండుసార్లు పరిగెత్తుతుంటే కవౌచి ఉద్యోగానికి తగ్గట్టు రోజుకు ఒక్కసారితో సరిపెట్టుకున్నాడు. తరచూ పోటీల్లో దిగి, వాటినే గట్టి ప్రాక్టీసుగా వాడుకున్నాడు. ముందు ఉన్న టైమ్ ఎంతో చూసుకున్నాడు, దానికి తగ్గట్టు ప్లాన్ కుట్టుకున్నాడు. మనం దానికి తిరగేసి చేస్తాం. ఇంటర్నెట్‌లో దొరికిన ప్లాన్‌ని డౌన్‌లోడ్ చేసుకుని ఇంటిని దానికి తగ్గట్టు కత్తిరించాలని చూస్తాం.

ఈ తెల్లవారుజాము వ్యామోహంలో ఇంకో చిక్కుంది, దాని గురించి మన గ్రూపుల్లో తక్కువ మాట్లాడతారు. చలికాలంలో రాత్రికి నేల త్వరగా చల్లబడుతుంది. నేలకు దగ్గర్లో చల్లగాలి, పైన దానికంటే వెచ్చటి గాలి మూత పెట్టినట్టు ఉంటుంది. వాహనాల పొగ, రోడ్డు దుమ్ము, ఎక్కడో చెత్త కాల్చిన పొగ ఆ మూత కిందే ఉండిపోతాయి. ఎండెక్కి నేల వేడెక్కాక గానీ ఆ మూత తెరుచుకోదు. అంటే మనం ఎంతో స్వచ్ఛమని నమ్మే ఐదు గంటల గాలి డిసెంబర్‌లో చాలా రోజులు మధ్యాహ్నపు గాలికంటే మురికిగా ఉంటుంది. రోజు సగటున ఘనపు మీటర్‌కి పీఎం 2.5, అంటే ఊపిరితిత్తుల లోపలిదాకా వెళ్లే అతి సన్నని ధూళి, 15 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. మన దేశపు ప్రమాణం 60. అంటే గాలి నాణ్యత చూపే యాప్‌లో "ఫర్వాలేదు" అని కనిపించిన రోజు కూడా ఊపిరితిత్తుల లెక్కలో ఫర్వాలేదు అని కాదు. పైగా పరిగెత్తేవాడు కూర్చున్నవాడి కంటే ఎన్నో రెట్లు ఎక్కువ గాలి పీలుస్తాడు. కాబట్టి మెయిన్ రోడ్లు వదిలేసి కేబీఆర్ పార్కు, కొత్తగూడ బొటానికల్ గార్డెన్, ఉస్మానియా క్యాంపస్ లాంటి చెట్లున్న చోట్లు చూసుకోవడం మంచిది. వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో 6 కిలోమీటర్లు పరిగెత్తడం ఇంకా మంచిది. మన ఊళ్లో డిసెంబర్ ఎండ మనిషిని చంపదు. నిద్ర దక్కుతుంది, ఇంట్లో పొద్దున పనికి ఇంకో రెండు చేతులు ఉంటాయి.

న్యూజెర్సీలోనో షికాగోలోనో ఉండి ఏప్రిల్ పోటీకి తయారయ్యే మన పిల్లల కష్టం వేరు. అక్కడ చలి నిజంగానే శత్రువు. రోడ్డు మీద ఐసు, సాయంత్రం ఐదింటికే చీకటి, పిల్లల్ని చూసుకోవడానికి అమ్మమ్మలు, తాతయ్యలు పక్కన ఉండరు. బేస్‌మెంట్‌లో ట్రెడ్‌మిల్ మీద గంటన్నర గోడను చూస్తూ పరిగెత్తడం ఎంత విసుగో నా మిత్రుడొకడు చెబుతుంటాడు. పిల్లాడు నిద్రలో లేచి ఏడిస్తే మాత్రం ట్రెడ్‌మిల్ ఆపి పైకి వెళ్లగలడు. ఆ ఒక్క విషయంలో మాకంటే వాడే నయం.

ఆ సైకిల్ ఆదివారం తర్వాత మా ఇంట్లో పద్ధతి మార్చుకున్నాం. ప్లాన్ రాసేముందు ఫ్రిజ్ మీద అంటించిన క్యాలెండర్ చూస్తాం. రాత్రి కాల్ ఉన్న మర్నాడు పొద్దున పరుగు లేదు, అంతే. ఆరు గంటల నిద్ర పడని రోజు గట్టి వర్కవుట్ చేయను. నాలుగు పరుగుల్లో ఒకటి తగ్గించాను. పొడవైన పరుగు మూడు వారాల్లో రెండుసార్లే, మూడో ఆదివారం ఇంటిది. చలికాలంలో పిల్లలు స్కూల్ నుంచి జలుబు మోసుకొస్తారు, అది అందర్నీ చుట్టబెడుతుంది. ముక్కు కారడం వరకే అయితే మెల్లగా పరిగెత్తవచ్చు. జ్వరం, ఛాతీలో కఫం, ఒళ్లునొప్పులు ఉంటే షూ ముట్టుకోకూడదు. పోయిన వారాన్ని వచ్చే వారంలో పూడ్చాలని చూసి పిక్క పట్టేసుకున్నవాళ్లను చాలామందిని చూశాను. ఒక వారం పోతే శరీరం మరిచిపోయేది చాలా తక్కువ. ఇలా అన్నీ తగ్గించుకుంటే పోటీలో టైమ్ కొన్ని నిమిషాలు పెరగవచ్చు. పెరగనివ్వండి.

అన్నిటికంటే పెద్ద మార్పు, మంగళ, గురువారాలు నావైతే బుధ, శుక్రవారాలు మా ఆవిడవి. తను 10 కిలోమీటర్ల పరుగుకి తయారవుతోంది. అప్పుడు గానీ నాకు ఇంకో సంగతి అర్థం కాలేదు. జనవరి మొదట్లో హైదరాబాద్‌లో సూర్యుడు వచ్చేది దాదాపు 6:45కి. ఐదింటికి మగవాడికి చీకటి అంటే కుక్కలు, గుంతలు. ఆడవాళ్లకు వాటితో పాటు వెనక నెమ్మదిగా వచ్చే బండి చప్పుడు కూడా. అందుకే తను అపార్ట్‌మెంట్ గేటు నుంచి మెయిన్ రోడ్డు వరకే, వీధి దీపాలున్న ఆ 600 మీటర్లలోనే అటూ ఇటూ తిరిగేది. రన్నింగ్ గ్రూపుల్లో ఆడవాళ్లు ఎందుకు తక్కువ అని ఆశ్చర్యపోయే నిర్వాహకులు డిసెంబర్, జనవరిల్లో ఆరున్నరకు రెండో బ్యాచ్ పెట్టి చూడాలి, వారాంతాల్లోనే కాదు, మామూలు రోజుల్లో కూడా. కార్పొరేషన్‌వాళ్లు కాలనీ రోడ్ల మీద ఆరిపోయిన దీపాలు వెలిగిస్తే అంతకు మించిన కోచింగ్ లేదు.

పోయిన చలికాలం ముంబైకి పేరు ఇవ్వలేదు. ఫిబ్రవరి చివర్లో జరిగే ఢిల్లీ మారథాన్ చూసుకున్నాను, సంక్రాంతి చేతికి వచ్చింది. భోగి మర్నాడు గుంటూరు జిల్లాలో మా ఊరి కాలువ గట్టు మీద 12 కిలోమీటర్లు పరిగెత్తాలని ప్లాన్. మా చిన్నమ్మాయి వాళ్ల బావ సైకిల్ తీసుకుని, బుట్టలో మంచినీళ్ల సీసా పెట్టుకుని నా పక్కనే బయల్దేరింది. పొలాల మీద మంచు ఇంకా విడలేదు. నాలుగో కిలోమీటర్ దగ్గర కాళ్లు నొప్పులంది. సైకిల్ నేను తోసుకుంటూ, తను గట్టు మీద రేగుపళ్లు ఏరుకుంటూ ఇద్దరం వెనక్కి నడిచాం. ఇంటికొచ్చి నా పుస్తకంలో ఆ తేదీ ఎదురుగా 4 అని రాశాను.