ఊడ్నడాటా దారిలో మా ఇంటి రామాయణం

మా ఆయన ఫోర్ వీల్ డ్రైవ్ కొన్న దగ్గర్నుంచి మా అడిలైడ్ ఇంట్లో శని ఆదివారాలు అనేవి లేవు, ఉన్నవన్నీ ఆ కారుకే. ముందు బుల్ బార్ అన్నాడు, కంగారూ అడ్డమొస్తే కావాలట, సరే అన్నా. తర్వాత స్నార్కెల్ అన్నాడు, కారు నీళ్ళలో దిగినప్పుడు ఇంజను ఊపిరి పీల్చుకోడానికట. ఈ దేశం మొత్తంలో వాన తక్కువ పడే రాష్ట్రంలో ఉండి నువ్వు ఏ నీళ్ళలో దిగుతావయ్యా అంటే, నీకు తెలీదులే అన్నాడు. ఆ తర్వాత రికవరీ బోర్డులు, రెండో బ్యాటరీ, కంప్రెసరు, పార, తాడు... ఆ పార ఇప్పటిదాకా మట్టి మొహం చూడలేదు, అది వేరే సంగతి.

అన్నిటికంటే ప్రేమగా పెట్టించుకున్నది మాత్రం యూహెచ్ఎఫ్ రేడియో. సెల్ సిగ్నల్ లేని చోట ట్రక్కులవాళ్ళూ, కారు వెనక చక్రాల ఇల్లు తగిలించుకుని తిరిగే క్యారవాన్ల వాళ్ళూ ఒకళ్ళతో ఒకళ్ళు మాట్లాడుకునేది దీన్లోనే. మొత్తం 80 ఛానళ్ళు, 5, 35 ఎమర్జెన్సీకి, 10 ఫోర్ వీల్ క్లబ్బులకి, 18 క్యారవాన్లకి, 40 హైవే మీద ట్రక్కులవాళ్ళకి, ఇదంతా నాకెలా తెలుసంటే బయల్దేరే ముందు రాత్రి హాల్లో అందర్నీ కూర్చోబెట్టి క్లాసు పీకాడు కాబట్టి. బొత్తాం నొక్కితే మనం మాట్లాడాలి, వదిలితే అవతలి వాళ్ళు చెప్పేది వినాలి, నొక్కి ఉంచినంతసేపూ మనకేమీ వినబడదు, ఛానల్ 40 అందరిదీ కాబట్టి అనవసరంగా నోరు పారేసుకోకూడదు. మా అమ్మ అన్నిటికీ బుద్ధిగా తలూపింది, అల్లుడు చెప్తున్నాడు కదా మరి.

అమ్మా నాన్నా తెనాలి నుంచి వచ్చి నెల దాటింది, పార్కులూ మాల్సూ అయిపోయాయి, జూలైలో పిల్లలకి స్కూలు సెలవులు, దాంతో మా ఆయన ఊడ్నడాటా ట్రాక్ అన్నాడు. మారీ అనే ఊరి నుంచి మార్లా దాకా 600 కిలోమీటర్ల పైచిలుకు మట్టిరోడ్డు, మధ్యలో వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఊళ్ళు. నాన్న మర్యాదగా "ఆ దారిలో చూడ్డానికి ఏముంటుంది అల్లుడుగారూ" అని అడిగాడు. "ఏమీ ఉండదు మావయ్యగారూ, అదే దాని అందం" అన్నాడు ఈయన. నాన్న ఇంకేం మాట్లాడలేదు, అల్లుడి ముందు నాన్న ఏదీ రెండోసారి అడగడు, అదొక పద్ధతి ఆయనకి.

మారీ చేరడానికే ఒక రోజు పైన పట్టింది. మారీ అంటే ఒకప్పుడు పెద్ద రైల్వే జంక్షన్, ఒంటెలు తోలడానికి అఫ్గాన్ల పేరు మీద మన వైపు నుంచి కూడా మనుషుల్ని తెచ్చారు, వాళ్ళు కట్టుకున్న మసీదు ఈ దేశంలో మొదటి మసీదుల్లో ఒకటి. 1980లో ఘాన్ రైలు లైను మూసేశారు, ఊరు అలా మిగిలిపోయింది. అక్కడ మా ఆయన కారాపి, నాలుగు టైర్లలోంచి గాలి తియ్యడం మొదలెట్టాడు. నాన్న కంగారుగా దిగాడు. డబ్బులు పెట్టి కొట్టించుకున్న గాలి వదిలేస్తున్నారేంటి అని ఆయన బాధ. 38 పీఎస్ఐ నుంచి 26కి దించితే టైరు మెత్తబడి గతుకుల్ని మింగేస్తుంది, రాయి గుచ్చుకున్నా తట్టుకుంటుంది, స్పీడు మాత్రం తగ్గించాలి అని ఈయన వివరించాడు. నాన్న "ఓహో" అన్నాడు. కారెక్కాక నా చెవిలో మెల్లిగా "మీ ఆయనకి చెప్పవే, మన ఊళ్ళో అయితే దీన్ని పంక్చర్ అంటారు" అన్నాడు.

సీట్ల సంగతి చెప్పాలి. అమ్మకి కారు పడదు, వెనక కూర్చుంటే వాంతులు, అందుకని ముందు సీటు అమ్మది. ఒళ్ళో హ్యాండ్‌బ్యాగు, అందులో జండూ బామ్, నిమ్మకాయ, నాన్న మందులు, ఒక గుడ్డ సంచీలో జంతికలు, సున్నుండలు. వెనక నేనూ నాన్నా పిల్లలిద్దరూ.

మారీ దాటాక డింగో కంచె వచ్చింది, డింగోలనే అడవి కుక్కల నుంచి గొర్రెల్ని కాపాడ్డానికి కట్టిన కంచె, 5,600 కిలోమీటర్లట. నాన్న దాన్ని చూసి చాలాసేపు కళ్ళార్పలేదు, మా పెదనాన్నతో గట్టు తగాదాలో రెండు గజాల కంచెకి ఆయన పదేళ్ళు కోర్టు చుట్టూ తిరిగాడు పాపం. ఆ తర్వాత ఎవరో రెండు విమానాల్ని తోకల మీద నిలబెట్టిన చోటు వచ్చింది, పిల్లలు అరిచారు, ఫొటోలు తీసుకున్నాం. అక్కణ్ణించి మొదలయ్యాయండీ గతుకులు. రోడ్డంతా ఒక రేకుల షెడ్డు కప్పు తీసి పరిచినట్టు, అడ్డంగా అలలు అలలు. ఒక చక్రం ఎక్కడో చిన్న ఎత్తు మీద ఎగిరి కింద పడ్డ చోట మట్టి నొక్కుకుంటుంది, వెనకొచ్చే ప్రతి చక్రం అక్కడే ఎగిరి ఇంకో గుంట చేస్తుంది, అలా వేలకొద్దీ. కారు మొత్తం వణుకుతుంది, పళ్ళు వణుకుతాయి, మాట్లాడితే గొంతు వణుకుతుంది. కాసేపటికి జంతికలు పొడైపోయాయి, సున్నుండలు మళ్ళీ సున్నిపిండి అయిపోయాయి.

ఆ వణుకుడికే డాష్‌బోర్డు మీద క్లిప్పుకి తగిలించిన రేడియో మైకు ఊడి, అమ్మ సీటు పక్కన పడి, హ్యాండ్‌బ్యాగు కింద ఇరుక్కుంది. బొత్తాం బ్యాగు వైపుకి ఉంది. ఎవరం చూడలేదు.

"చూశారా ఎంత ప్రశాంతంగా ఉందో, పొద్దున్నించీ రేడియోలో ఒక్క మనిషి మాట్లాడలేదు" అన్నాడు మా ఆయన పరవశంగా. ఎలా మాట్లాడతారు, బొత్తాం మనం నొక్కి కూర్చుంటే!

ఆ ప్రశాంతతలో మేమేం మాట్లాడుకున్నామో ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తుంది. ముందు ఒక క్యారవాన్ అడ్డం తగిలింది, నెమ్మదిగా వెళ్తోంది, దాని దుమ్ములో మాకు రోడ్డే కనబళ్ళేదు, మా ఆయన మర్యాదస్తుడే గానీ స్టీరింగ్ పట్టుకుంటే వేరే మనిషి, ఇంకా తెలుగులో అంటున్నాం కదా ఎవరికి అర్థమవుతుందిలే అని ధైర్యం. "ఈ ఓల్డ్ కపుల్‌కి క్యారవాన్ ఎవడిచ్చాడు, టూ స్లో, టోటల్ టైమ్ వేస్ట్, లైసెన్స్ క్యాన్సిల్ చెయ్యాలి వీళ్ళది" అన్నాడు. ఇది తెలుగేనని ఆయన ఇప్పటికీ వాదిస్తాడు. ఎలాగో క్యారవాన్ పక్కకి తప్పుకుంది, మేం దాటేశాం. మా ఆయన స్టీరింగ్ మీంచి ఒక వేలు ఎత్తి థాంక్స్ చెప్పాడు, ఇక్కడి దారుల్లో అదే నమస్కారం, వాళ్ళూ ఒక వేలు ఎత్తారు, కాస్త ఎక్కువ నవ్వుతున్నారేమో అనిపించింది నాకు.

తర్వాత అమ్మ విష్ణు సహస్రనామం ఎత్తుకుంది. గతుకులకి భయమేసి గొంతెత్తి చదివింది, వెయ్యి నామాలూ వణుకుతూ వణుకుతూ. నాన్న మధ్యలో రెండుసార్లు ఆవులించి, ఒకసారి "మీ అమ్మ ఆపదా" అన్నాడు. పిల్లలు కొట్టుకున్నారు. చిన్నోడు అర్జెంట్ అన్నాడు, ఒకటా రెండా అని నేను అరిచాను, వాడు జవాబు అంతకంటే గట్టిగా అరిచాడు. అదీ వెళ్ళింది ఛానల్ 40లో.

లేక్ ఐర్ దగ్గర ఆగాం, సముద్ర మట్టానికి 15 మీటర్లు కింద ఉంటుందట, పెద్ద సరస్సు అని దిగితే కనుచూపు మేరా ఉప్పు. నాన్న చెయ్యి అడ్డం పెట్టుకుని అటూ ఇటూ చూసి "నీళ్ళేవి" అన్నాడు. ఎప్పుడో గానీ రావు అన్నాడు మా ఆయన. మళ్ళీ "ఓహో". ఈ "ఓహో"లు పోగయ్యి సాయంత్రానికి ఏమవుతాయో అని నాకు దిగులు. ఇక ముందు వచ్చే అన్నా క్రీక్ అనే పశువుల ఎస్టేటు 15,000 చదరపు కిలోమీటర్ల పైమాటే, అంటే మన పాత గుంటూరు జిల్లా మొత్తం అందులో పెట్టినా ఇంకా మిగులుతుంది అని చెప్పినప్పుడు మాత్రం నాన్న మొదటిసారి నిజంగా కదిలాడు. "గట్టు తగాదాలు ఎవరితో పెట్టుకుంటారు మరి" అన్నాడు.

అసలు కథ బబ్లర్ దగ్గర జరిగింది. అదొక ఊట, భూమి అడుగున ఉన్న గ్రేట్ ఆర్టీజియన్ బేసిన్ అనే పెద్ద నీటి నిల్వలోంచి నీళ్ళు ఎడారి మధ్యలో బుడబుడమని పైకి తన్నుకొస్తుంటాయి. కారు దిగి కాస్త నడవాలి. అమ్మకి మోకాళ్ళు, పైగా చలికాలమైనా ఎండ తగిలేసరికి ఈగలు మూతీ ముక్కూ వదలడం లేదు, నేను రానంది. నేను తోడుంటానన్నాను. మా ఆయన, నాన్న, పిల్లలు వెళ్ళారు. వెళ్తూ వెళ్తూ మా పెద్దమ్మాయి చేతిలో పట్టుకునే చిన్న రేడియో తీసుకుంది, ఆడుకోడానికి. అప్పటిదాకా అది డ్యాష్‌బోర్డు అరలో ఆఫ్‌లో ఉంది.

కారాపితే రేడియో కూడా ఆగిపోవాలి కదా అంటారేమో. ఆగకూడదనే కదా మా ఆయన రెండో బ్యాటరీకి కలిపించింది!

వాళ్ళటు వెళ్ళగానే అమ్మ చుట్టూ చూసి, గొంతు తగ్గించి, నెల రోజుల్నించి కడుపులో దాచుకున్నది బయటపెట్టింది. "నువ్వేమైనా అనుకోవే, మీ అత్తగారు నీ శ్రీమంతానికి నాకు పెట్టిన చీర ఒక్క ఉతుక్కి రంగు దిగింది. పెట్టుబడి చీరలు అని వేరే షాపులో తెస్తుంది ఆవిడ, నాకు తెలీదనుకుంటోంది. ఆ గుత్తొంకాయ సంగతీ అంతే, అందరూ మెచ్చుకుంటారు, నాకైతే చింతపండు తప్ప ఏం తెలీలేదు. అబ్బాయి బంగారం, ఆ తల్లి కడుపున ఎలా పుట్టాడో. కాకపోతే చేతికి ఎముక లేదు, ఈ కారుకి తగలేసిన డబ్బుతో నరసరావుపేటలో స్థలం వచ్చేది." నేను మధ్యమధ్యలో "ఊ" కొట్టాను. కూతురన్నాక కొట్టాలి.

అవతల ఊట దగ్గర నిశ్శబ్దం. మా ఆయన, ఆ బుడగలు చచ్చిపోతున్న పాము గిలగిల కొట్టుకోవడం అని ఇక్కడి ఆదివాసులు అరబానా వాళ్ళ కథ అని పిల్లలకి చెప్తుండగా, పెద్దదాని చేతిలోంచి అమ్మమ్మ గొంతు వచ్చిందట. ముందు చీర. తర్వాత వంకాయ. చిన్నోడు "అమ్మమ్మ రేడియోలో వస్తోంది!" అని గెంతాడట. మా ఆయన ఆపు ఆపు అంటున్నాడట గానీ పెద్దది వాల్యూమ్ పెంచడమే తప్ప తగ్గించడం నేర్చుకోలేదు. అక్కడికొచ్చిన ఇంకో రెండు కుటుంబాలు ఊటని వదిలేసి ఇదే వింటున్నాయట. నాన్న ఏం చేశాడని తర్వాత అడిగితే, ఈగల వల మొహం మీదికి లాక్కుని ఊటలోకి చూస్తూ నిలబడ్డానన్నాడు.

తిరిగొచ్చాక మా ఆయన ఏం మాట్లాడకుండా అమ్మ వైపు డోరు తీసి, బ్యాగు కింద చెయ్యి పెట్టి మైకు బయటికి తీసి, క్లిప్పుకి తగిలించాడు. అంతే. తిట్టినా బాగుండేది. ఇలాంటి రేడియోల్లో ఎవరైనా బొత్తాం వదలకపోతే మూడు నిమిషాలకి అదే ప్రసారం ఆపేస్తుందట, కానీ గతుక్కి బ్యాగు ఎగిరినప్పుడల్లా, కారాపాక అమ్మ కదిలినప్పుడల్లా బొత్తాం వదిలి మళ్ళీ నొక్కుకుంటోంది, దాంతో మళ్ళీ కొత్తగా మూడు నిమిషాలు. చదును నేల మీద పది పదిహేను కిలోమీటర్లు తేలిగ్గా వెళ్తుంది. ఇదంతా ఆయన పిల్లలకి చెప్తున్నట్టు చెప్పాడు, మాకేసి చూడకుండా.

పక్కనే కౌవర్డ్ స్ప్రింగ్స్ అనే క్యాంపులో వేన్నీళ్ళ తొట్టి ఉందని ఆగాం. వేన్నీళ్ళని ఎవరన్నారో గానీ గోరువెచ్చన. ఆ తొట్టి పక్కనే కుర్చీలేసుకుని క్యారవాన్ వాళ్ళు కూర్చున్నారు, వాళ్ళే. పెద్దాయన లేచొచ్చి మా ఆయనకి షేక్‌హ్యాండ్ ఇచ్చి, ఆ టూ స్లో ఓల్డ్ కపుల్ మేమే అన్నాడు. మా ఆయన మొహం ఎర్రమట్టి రంగులో కలిసిపోయింది. ఆవిడ మాత్రం మా అమ్మ చేతులు పట్టుకుని, పొద్దున ఆ పాట మీరేనా పాడింది, మా ఆయన రక్తపోటు ఈ రోడ్డు మీద ఎప్పుడూ పెరుగుతుంది, ఇవాళ పెరగలేదు అంది. అమ్మకి నేను తెలుగులో చెప్పాను. అమ్మ వెంటనే సంచీ తీసి, జంతికల పొడి దోసెడు పోసి పెట్టింది వాళ్ళకి.

ఆ రాత్రి విలియం క్రీక్ పబ్బులో ఎవరం ఎవరి మొహం చూడకుండా చిప్స్ తిన్నాం. ఊరంతా కలిపి పది పన్నెండు మంది ఉంటారేమో, అందులో ముగ్గురు మా అమ్మని చూసి చెయ్యి ఊపారు. నాన్న మాత్రం రోజంతా దాచుకున్న ఒక్క మాట అప్పుడన్నాడు. "అల్లుడుగారూ, ఏమీ ఉండదన్నారు కదా ఈ దారిలో. జనం బానే ఉన్నారే."

మర్నాడు కూబర్ పెడీలో ఫోన్ సిగ్నల్ వచ్చింది. అక్కడ ఎండకి తట్టుకోలేక కొండ తొలిచి ఇళ్ళు కట్టుకుంటారు, మా గది కూడా నేల కింద, అందుకని పైకెక్కి నిలబడి విజయవాడకి వీడియో కాల్ చేశాడు మా ఆయన. ఆయన నోరు తెరిచే లోపే చిన్నోడు ఫోను లాక్కున్నాడు. "నానమ్మా! అమ్మమ్మ నీ గురించి రేడియోలో చెప్పింది!"

నా గుండె ఆగింది. అమ్మ కొంగు నోట్లో పెట్టుకుంది. మా ఆయన ఫోను కోసం చెయ్యి చాచాడు, వాడు పరిగెత్తాడు.

"నా గురించా? రేడియోలోనా? ఆస్ట్రేలియా రేడియోలోనా?" అంది మా అత్తగారు.

"అవును, అందరూ విన్నారు! నీ చీర గురించి, నీ వంకాయ కూర గురించి!"

కాసేపు అవతల ఏం వినబళ్ళేదు, సిగ్నల్ పోయిందేమో అని దణ్ణం పెట్టుకున్నాను. పోలేదు. ఆవిడ మా మావగారిని పిలుస్తోంది, పక్క ఫ్లాటు ఆవిణ్ణి పిలుస్తోంది, ఏమండోయ్ నా గుత్తొంకాయ గురించి ఆస్ట్రేలియా రేడియోలో చెప్పారట అని. తర్వాత ఫోను మా అమ్మకి ఇమ్మంది. అమ్మ వణుకుతున్న చేత్తో అందుకుంది.

"వదినగారూ, మీది ఎంత పెద్ద మనసండీ. దేశం కాని దేశంలో నా పేరు చెప్పారు. ఆ రికార్డింగ్ ఉంటే కాస్త పంపిస్తారా, మా అపార్ట్‌మెంటు గ్రూపులో పెట్టుకుంటాను."

అమ్మ మా ఆయన వైపు చూసింది. మా ఆయన ఆకాశం వైపు చూశాడు. "అది లైవ్ అండీ వదినగారూ, రికార్డింగ్ ఉండదట" అంది అమ్మ.