సవరణ: మోడెం లైనుపై గడువు ప్రశ్న

నరసన్నపేట పంపుహౌస్ మోడెంకు శ్రీకాకుళం నుంచి డయల్ చేసేవాళ్ల కోసం పెట్టిన బాష్ (కమాండ్లు నడిపే షెల్) స్క్రిప్టులో, టైపు చేసిన వరుసను చదివి, ఫలితాన్ని ఒక సంఖ్యగా (సున్నా అంటే సరిగ్గా చదివింది) చెప్పే రీడ్ కమాండ్ గురించి "రీడ్ సున్నా కానిది ఏది ఇచ్చినా గడువు దాటినట్టే, మళ్లీ అడగండి" అని రాశాను. అది తప్పు.

బాష్ మాన్యువల్ ప్రకారం గడువు దాటితే వచ్చే సంఖ్య 128 కంటే పెద్దది, మామూలుగా 142. లైను తెగితే, హ్యాంగప్ సిగ్నల్‌ను (లైను తెగిందని సిస్టం పంపే సంకేతాన్ని) పట్టించుకోని స్క్రిప్టుకు 1 వస్తుంది, అదీ వెంటనే. అక్కడ మళ్లీ అడిగితే లూపు ఆగదు, ప్రాసెసర్ మొత్తం దానికే పోతుంది, పోర్టు ఖాళీ కాదు, తర్వాత డయల్ చేసినవాళ్లకు లైను దొరకదు. కాబట్టి 128 దాటితేనే అడగండి, అదీ మూడుసార్లే. 1 వస్తే స్క్రిప్టు నుంచి ఎగ్జిట్.

మీట నొక్కినప్పుడల్లా గడువు మొదటికొస్తుందనీ రాశాను. రాదు. 30 అని ఇస్తే ఎంటర్ కొట్టేదాకా మొత్తం 30 సెకన్లే. అందులోనూ సెకనుకు 1200 బిట్ల లైనులో, అక్షరానికి మొదలు, చివర గుర్తులతో కలిపి 10 బిట్లు కాబట్టి, సెకనుకు 120 అక్షరాలే వెళ్తాయి. 300 అక్షరాల మెనూ అవతలి తెరకు చేరడానికి రెండున్నర సెకన్లు. అది బఫర్‌లో (పంపేదాకా అక్షరాలు ఆగే చోట) ఉండగానే గడియారం మొదలైపోతుంది. ఆ మేరకు గడువు పెంచండి.

స్టీటీవైలో (పోర్టు సెట్టింగులు మార్చే కమాండ్) సీలోకల్ (లైను తెగినా పట్టించుకోవద్దనే సెట్టింగు) ఆపి ఉంచాలని రాసిన మాట మాత్రం సరైనదే.