కిటికీకి రేటు కట్టిన సర్కారు

మళ్లీ గేట్లెత్తేశారు. ప్లాన్‌ను అతిక్రమించి 2025 ఆగస్టు దాకా కట్టిన భవనాలను డబ్బు కట్టించుకుని సక్రమం చేసేందుకు ఆంధ్రప్రదేశ్‌లో బిల్డింగ్ పీనలైజేషన్ స్కీమ్ మరోసారి వచ్చింది. ఖజానాకు ఎంత వస్తుంది, ఎన్ని దరఖాస్తులు పడతాయి అన్నదే చర్చంతా. ఆ ఇళ్లలో ఉండేవాళ్లు ఏ గాలి పీలుస్తున్నారన్న మాట మాత్రం ఎవరి నోటా రాలేదు.

సెట్‌బ్యాక్, అంటే ప్లాన్ ప్రకారం భవనం చుట్టూ వదలాల్సిన ఖాళీ, ఊరికే వదిలేసిన జాగా కాదు. కిటికీ తెరిస్తే గాలి లోపలికి రావడానికీ, వంటింటి పొగ బయటికి పోవడానికీ ఉన్న దారి అది. వంటింటికి కనీసం ఒక చదరపు మీటరు కిటికీ ఉండాలని, అది ఖాళీ స్థలంలోకి తెరుచుకోవాలని జాతీయ భవన నిర్మాణ కోడ్ చెబుతోంది. ఉక్కపోత ప్రాంతాల్లో గది వైశాల్యంలో ఆరో వంతు, పొడి వేడి ప్రాంతాల్లో పదో వంతు కిటికీలకు వదలాలని కూడా అందులో ఉంది. పక్కింటి గోడ జానెడు దూరంలో లేచాక ఆ కిటికీ ఎంత ఉంటేనేం?

మన పట్టణాల్లో ఏ ఇరుకు కాలనీకైనా వెళ్లి చూడండి. రెండు అపార్ట్‌మెంట్ల మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాల్సినంత సందు. రెండో అంతస్తు వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ జిడ్డు కారుతూ సరిగ్గా ఎదుటి పడగ్గది కిటికీలోకి చూస్తుంటుంది. ఇటు ఎండుమిరపకాయల పోపు పడితే అటు మంచం మీది పసివాడు దగ్గుతాడు. వాళ్లు చేసేదేముంది? కిటికీ మూసేస్తారు. రాత్రయ్యేసరికి దోమలు. మూసిన గదిలోనే కాయిల్ వెలిగిస్తారు. ఒక్క కాయిల్ నుంచి వెలువడే సూక్ష్మధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లోనే పరిశోధకులు లెక్కగట్టారు. కాస్త ఉన్నవాళ్లయితే ఏసీ పెట్టించుకుంటారు. స్ప్లిట్ ఏసీ బయటి గాలిని తేదు, గదిలో ఉన్న గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. పూజగది అగరుబత్తి పొగ, కొత్త ప్లైవుడ్ కప్‌బోర్డుల నుంచి వచ్చే ఫార్మాల్డిహైడ్ అనే హానికర వాయువు అందులోనే తిరుగుతుంటాయి. ఎయిర్ ప్యూరిఫయర్ కొంటే సరిపోతుందనుకునేవారికి ఒక మాట: అందులో ఉండే హెపా ఫిల్టర్ ధూళిని పడుతుందే గానీ కార్బన్ మోనాక్సైడ్‌ను పట్టలేదు. గాలాడని బాత్రూముల్లో గ్యాస్ గీజర్ల వల్ల ప్రాణాలు పోతున్నది ఆ వాయువుతోనే.

ఇదంతా ఒకసారి జరిగిన పొరపాటైతే ఇంత కోపం అక్కర్లేదు. తేదీలు చూడండి. ఉమ్మడి రాష్ట్రంలో 2007 డిసెంబరు దాకా కట్టినవాటికి మాఫీ. విడిపోయాక ఆంధ్రప్రదేశ్‌లో 2014 డిసెంబరు దాకా. తెలంగాణలో బీఆర్‌ఎస్ (పార్టీ కాదు, బిల్డింగ్ రెగ్యులరైజేషన్ స్కీమ్) పేరుతో 2015 అక్టోబరు దాకా. మళ్లీ ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టు దాకా. ఇప్పుడు 2025 ఆగస్టు దాకా. మొదలయ్యే తేదీ 1985 జనవరి ఒకటి అక్కడే ఉంది. ముగిసే తేదీయే మారుతోంది. పార్టీలు మారినా ఈ విషయంలో తేడా లేదు. బిల్డరుకు అర్థమైంది ఒక్కటే: ఇప్పుడు సెట్‌బ్యాక్ మింగెయ్, తర్వాత స్కీమ్ వస్తుంది. ప్లాన్ ప్రకారం చుట్టూ జాగా వదిలి కట్టుకున్నవాడు వెర్రివాడయ్యాడు. తెలంగాణలో వ్యవహారం హైకోర్టుకెక్కి దరఖాస్తులు ఏళ్ల తరబడి మూలుగుతున్నా ఎవరికీ బుద్ధి రాలేదు.

అప్పు చేసి ఫ్లాటు కొనుక్కున్న మధ్యతరగతి కుటుంబం ఇల్లు కూల్చేస్తారా అని అడిగేవారున్నారు, అది న్యాయమైన ప్రశ్నే. ఎవరి ఇల్లూ కూల్చమని మేము అనడం లేదు. కానీ ఆ కుటుంబాన్ని అడ్డం పెట్టుకుని ప్రతిసారీ బయటపడుతున్నది బిల్డరు, కళ్లు మూసుకున్న టౌన్ ప్లానింగ్ అధికారి. డబ్బు కట్టేది కొనుక్కున్నవాడు, దగ్గేది వాడి పిల్లలు.

జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019లో మొదలైంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖ అందులో ఉన్నాయి. కూడళ్లలో మీటర్లు పెట్టి గాలిని కొలుస్తున్నారు. కొలిచేది రోడ్డు మీది గాలినే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూక్ష్మధూళికి పెట్టిన పరిమితి (ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు) ఇంటి బయటికీ లోపలికీ ఒకటే. మన జాతీయ ప్రమాణం 40, అదీ బయటి గాలికే. రోజులో ఎక్కువ గంటలు గడిపే వంటింటికీ పడగ్గదికీ ప్రమాణమే లేదు. కొలవనిదాన్ని అమ్మేయడం తేలిక. క్రమబద్ధీకరణ పేరుతో అమ్ముతున్నది సరిగ్గా దాన్నే.

గాలి వచ్చేలా చూసుకోండి, కిటికీలు తెరవండి అని సలహాలిచ్చే ఆరోగ్య శాఖ, ఆ కిటికీ ముందు గోడ లేపినవాడికి సర్టిఫికెట్ ఇస్తున్న మున్సిపల్ శాఖతో ఒక్కసారైనా మాట్లాడిందా? ప్లాన్‌ను అతిక్రమించిన (డీవియేషన్) శాతానికీ భూమి విలువకూ ముడిపెట్టి ఫీజు లెక్కకట్టడం వచ్చినవాళ్లకు ఆ వంటింట్లోకి గాలి ఎటునుంచి వస్తుందో చూడటం రాదా? దరఖాస్తు వచ్చిన ప్రతి భవనానికీ మనిషిని పంపి చూడాలి. కిటికీ గోడకు తగిలిన చోట పైకప్పు దాటేలా పొగగొట్టమో, డక్టులో ఎగ్జాస్టో బిల్డరు ఖర్చుతో పెట్టించాకే సర్టిఫికెట్ ఇవ్వాలి. కట్టేటప్పుడు ఆ వార్డులో ఉన్న అధికారి పేరు ఫైల్లో రాయాలి. ఇదే ఆఖరు అని జీవోలో కాదు, చట్టంలో పెట్టాలి.

ఇవేవీ చేసే ఉద్దేశం లేకపోతే నాటకం ఎందుకు? వచ్చే కటాఫ్ తేదీ ఏదో ఇప్పుడే ప్రకటించండి. బిల్డర్లు దాన్ని బట్టే పునాదులు తీసుకుంటారు. చుట్టూ తోటలున్న ప్రభుత్వ బంగళాల్లో ఉంటూ ఈ ఫైళ్ల మీద సంతకాలు చేసేవారు ఒక్క నెల ఆ సందులోని ఫ్లాటులో అద్దెకుండి, తర్వాత రేటు నిర్ణయించండి.