మటన్‌కు బెయిలు

మా బావకు పోయినేడాది స్టెంట్ పడింది. అప్పటి నుంచి ఇంటికొచ్చిన ప్రతి చుట్టమూ మటన్‌ను, కల్లును, సంక్రాంతి సకినాలను తిట్టిపోస్తుంటే తలొంచుకుని విన్నాడు. మొన్న భద్రకాళి చెరువు కట్ట మీద నడుస్తూ ఆగి తీర్పు చెప్పాడు: “బామ్మర్దీ, తప్పు మటన్‌ది కాదంట. నా ఇమ్యూనిటీదంట.”

కేసు పెద్దది కాబట్టి కాగితాలు తిరగేశాను. బావ చెప్పింది సగం నిజమే. మా ఇంట్లో తగాదాలన్నీ సగం నిజాలతోనే నడుస్తాయి.

చెడు కొలెస్ట్రాల్ రక్తనాళం గోడలోకి దూరి అక్కడ పాడవుతుంది. ఇమ్యూనిటీ తరఫున కాపలా తిరిగే మాక్రోఫేజ్ కణాలు దొంగ దొరికాడని దాన్ని మింగడం మొదలుపెడతాయి. పెళ్లిలో చివరి బంతి దాకా లేవని చుట్టంలా తిని తిని, ఉబ్బి, నురగ కణాలై ఆ గోడలోనే కూలబడతాయి. నోరు మూసుకుని పడుంటే బాగుండు. ఇంటర్‌ల్యూకిన్ అనే రసాయనాలతో కేకేసి మరికొన్ని జట్లను పిలుస్తాయి. వాపు, పూడిక రెండూ పెరుగుతాయి. ఓ రోజు పూడిక పైపొర చిట్లి, రక్తం గడ్డకట్టి, వాకిట్లోకి 108 బండి వస్తుంది. ఓరుగల్లుకు మట్టిగోడ, రాతిగోడ కట్టించిన కాకతీయులు కూడా కావలివాళ్లు గోడలోనే కాపురం పెడతారని అనుకొని ఉండరు.

ఇక్కడే మా అక్క ముద్దాయి అయింది. 2020లో ఆమె రోజూ శొంఠి, మిరియాలు, పసుపు, తిప్పతీగ మరగబెట్టి, ‘ఇమ్యూనిటీ పెరగాలె’ అంటూ స్టీలు గిలాస నిండా పోసేది. అడుగున పసుపు మరక ఇంకా పోని ఆ గిలాసను బావ సాక్ష్యంగా బీరువాలో పెట్టాడు. (కషాయంతో బ్లాకులు వచ్చాయని ఏ డాక్టరూ అనలేదు. అది బావ సొంత పరిశోధన.)

“నువ్వు పెంచిన పటాలమే నన్ను గొట్టింది” అన్నాడు.

అక్క చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తలెత్తలేదు. “మంచిగనే ఉంది. ఆ పటాలానికి కూడు పెట్టిందెవలు? ఐతారం ఐతారం కిలో మటన్ తెచ్చిందెవలు?”

నేను 2017 నాటి కాంటోస్ అనే మందు పరీక్ష కాగితం బయటికి తీశాను. గుండెపోటు వచ్చి, ఒంట్లో వాపు తగ్గని 10,061 మంది మీద కానకినుమాబ్ సూదిని పరీక్షించారు. అది ఇంటర్‌ల్యూకిన్-1 బీటా నోరు మూయిస్తుంది. 150 మిల్లీగ్రాముల మోతాదుతో, కొలెస్ట్రాల్ తగ్గకుండానే, గుండెపోటు, పక్షవాతం లాంటివి 15 శాతం తగ్గాయి. బావ చప్పట్లు కొట్టాడు. తర్వాతి పేరా చదివాను. కావలి తగ్గింది కాబట్టి ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు పెరిగాయి, మొత్తం మరణాల్లో తేడా రాలేదు. 2018లో అమెరికా నియంత్రణ సంస్థ గుండె కోసం దాన్ని ఒప్పుకోలేదు. ధర చెప్పగానే, ఎనుమాముల మార్కెట్లో ఎన్ని మిర్చి బస్తాలు అమ్మాలో లెక్కేసి బావ చప్పట్లు ఆపాడు.

ఇక మిగిలింది గౌట్ అనే కీళ్ల నొప్పులకిచ్చే పాత మందు కోల్చిసిన్. మన అడవినాభి దుంపలో ఉండే విషం ఇదే. 2020లో 5,522 మంది మీద చేసిన పరీక్షలో రోజుకు అర మిల్లీగ్రాముతో గుండె ముప్పు 31 శాతం తగ్గింది. 2023లో గుండె కోసం అమెరికా అనుమతిచ్చింది. 2024లో, గుండెపోటు వచ్చిన వెంటనే మొదలుపెట్టి 7 వేల మందికి పైగా చేసిన పరీక్షలో లాభం కనబడలేదు. పంచాయితీ మళ్లీ వాయిదా.

“అయితే కొలెస్ట్రాల్‌కు వేసుకునే నా స్టాటిన్ గోలీ బంద్ చెయ్యొచ్చా?” అని బావ అడిగాడు. ఆ పరీక్షల్లో చాలామంది స్టాటిన్ వేసుకుంటూనే ఉన్నారని చెప్పాను. నన్ను చుట్టంగా చూడటం మానేశాడు.

ప్రస్తుతానికి మటన్ బెయిలు మీద బయటే ఉంది. అక్క సంతకం లేనిదే మా గడప తొక్కకూడదని షరతు.